చదవనిచ్చే ముందు చదివేదేమిటి? దస్త్రాల సమీక్షపై పాఠకుల ప్రశ్నలు

కేటలాగులో దస్త్రం పేరు ఉంటుంది, వెళ్లి అడిగితే "దీన్ని ముందు సమీక్షించాలి, తరవాత రండి" అంటారు. ఆర్కైవ్స్‌లో పనిచేసే పరిశోధకుల నుంచి ఈ మధ్య మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క చిక్కు చుట్టూ తిరిగాయి. కాగితాలు దానం చేయదలచిన కుటుంబాలు, వాటిని భద్రపరిచే చిన్న గ్రంథాలయాలవారు కూడా ఇదే విషయం మరో వైపు నుంచి అడిగారు. ఆ ప్రశ్నలన్నిటినీ ఈ సంచికలో ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పనిచేసిన ఒక అమెరికన్ మిషనరీ వైద్యురాలి కాగితాలను ఆమె కుటుంబం ఇక్కడి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చింది. నేను అడిగిన పెట్టెల్లో కొన్ని వెంటనే ఇచ్చారు. మిగిలినవాటికి సమీక్ష కావాలి, కొన్ని వారాలు ఆగమన్నారు. కేటలాగులో చేర్చినప్పుడే ఈ పని ఎందుకు పూర్తి చేయరు? అసలు ఆ సమీక్షలో వాళ్లు చూసేదేమిటి?
— పరిశోధక విద్యార్థిని, అమెరికా

జవాబు: ముందే ఎందుకు చేయరన్నదానికి కారణం చాలావరకు మనుషుల కొరతే. ఒక కుటుంబం అటక మీది నుంచి దింపి ఇచ్చిన నలభై పెట్టెల కాగితాలను పేజీ పేజీ చదవాలంటే ఒక ఉద్యోగికి నెలలు పడుతుంది, ఆ నెలలన్నీ ఆ పెట్టెల ఉనికే బయటివారికి తెలియకుండా ఉండిపోతుంది. అందుకే గత ఇరవై ఏళ్లుగా అమెరికాలోని చాలా ఆర్కైవ్స్ ముందు పెట్టె స్థాయిలో జాబితా తయారుచేసి లోకానికి తెలియజేస్తున్నాయి. ఇబ్బంది ఉండవచ్చని అనిపించిన పెట్టెలను గుర్తుపెట్టి, ఎవరైనా అడిగినప్పుడే వాటిని విప్పి చదువుతున్నాయి. మీకు విసుగు కలిగించిన ఆలస్యం ఈ పద్ధతికి మనం చెల్లిస్తున్న ధర. పాత పద్ధతిలోనైతే ఆ పెట్టెలు ఉన్నాయన్న సంగతే మీకు తెలిసేది కాదు కనుక, ఈ బేరం పరిశోధకులకు లాభసాటిదేనని నా అభిప్రాయం.

ఇక చూసేదేమిటంటే, మిషనరీ వైద్యురాలి కాగితాల్లో సాధారణంగా ఏముంటాయో ఊహిస్తే చాలావరకు తెలిసిపోతుంది. స్వదేశంలోని సంఘానికి ఆమె రాసిన నివేదికలు, ఇంటికి రాసిన ఉత్తరాలు, ఆసుపత్రి భవనం ఖర్చుల లెక్కలు, ఫోటోలు ఉంటాయి. వీటిని విప్పి చూడగానే ఇవ్వదగినవని తేల్చేయవచ్చు. వాటి మధ్యనే రోగుల పుస్తకం ఉంటుంది. అందులో పేరు, ఊరు, కులం, వయసు, రోగం వరుసగా రాసి ఉంటాయి. కుష్ఠు వ్యాధిగ్రస్తుల జాబితా ఉంటుంది. పెళ్లికాని తల్లి ప్రసవించిన బిడ్డను ఎవరికి పెంచుకోవడానికి ఇచ్చారో చెప్పే ఉత్తరం ఒకటి, విరాళాల లెక్కల కవరులో మడిచి ఉంటుంది. బోర్డింగు స్కూలు పిల్లల ప్రవర్తన గురించిన వ్యాఖ్యలు, తోటి మిషనరీ మీద చేసిన ఆరోపణ, దానిపై సంఘం జరిపిన విచారణ కాగితాలు మరికొన్ని. పెట్టె మీద "ఉత్తరప్రత్యుత్తరాలు, 1938–1956" అని ఉన్నా లోపల ఇవన్నీ ఉండవచ్చు. సమీక్షకుడు పెట్టె పేరును నమ్మకుండా లోపలి కాగితాన్ని చదవడానికి కారణం ఇదే.

చదివేటప్పుడు అతని ముందు మూడు రకాల బంధనాలు ఉంటాయి. మొదటిది చట్టం. అమెరికాలో విద్యార్థుల వ్యక్తిగత రికార్డులకు 1974 నాటి సమాఖ్య చట్టం రక్షణ ఇస్తుంది. వైద్య గోప్యతా నియమాలకు లోబడిన సంస్థల రికార్డుల్లోని రోగి వివరాలకు ఆ రోగి మరణించిన 50 ఏళ్ల దాకా రక్షణ ఉంటుంది. మీ వైద్యురాలి ఆసుపత్రికి ఆ నియమాలు అక్షరాలా వర్తించకపోయినా, చాలా గ్రంథాలయాలు అదే కొలతను మర్యాదగా పాటిస్తాయి. రెండవది దాత పెట్టిన షరతు. ఫలానా సంవత్సరం వరకు తెరవవద్దని కుటుంబం ఒప్పందంలో రాయించి ఉంటే సిబ్బంది చేయగలిగింది ఏమీ లేదు. మూడవది ఎక్కడా రాసి ఉండని విచక్షణ, వాదోపవాదాలన్నీ దాని దగ్గరే పుడతాయి. ఆ పెంపుడు బిడ్డ నేడు బతికి ఉండవచ్చు, తన పుట్టుక సంగతి ఆ మనిషికి తెలియకపోవచ్చు. ఏ చట్టమూ ఆ ఉత్తరాన్ని ఆపకపోయినా సమీక్షకుడు అక్కడ ఆగుతాడు, ఆగడమే సరైన పని.

మీరు అడగవలసింది ఒకటుంది. పెట్టె మొత్తాన్ని ఆపారా, అందులోని కొన్ని కాగితాలనే ఆపారా అని రాతపూర్వకంగా అడగండి. సమీక్ష సరిగా జరిగితే, తీసిన ప్రతి కాగితం స్థానంలో ఒక బదులు చీటీ ఉంటుంది. ఎన్ని పేజీలు తీశారు, ఏ రకం కాగితం, ఏ కారణం, ఏ సంవత్సరంలో తిరిగి తెరుస్తారు, ఎవరు ఎప్పుడు చూశారు అన్నవి దాని మీద ఉంటాయి. ఆ చీటీ ఉంటే మీ సిద్ధాంత గ్రంథంలో దాన్నే ఉదహరించవచ్చు. చీటీ లేకుండా పెట్టె మొత్తం మూసి ఉంచితే దాన్ని సమీక్ష అనలేము, పునఃపరిశీలన కోరే హక్కు మీకుంది.

ప్రశ్న: ప్రభుత్వ దస్త్రాలు 30 ఏళ్లు దాటితే అందరికీ తెరవాలని చట్టం ఉందంటారు. మరి 1948 పోలీసు చర్య మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక అన్ని దశాబ్దాలు ఎందుకు బయటికి రాలేదు? "సీక్రెట్" ముద్ర ఉంటే ఎప్పటికీ రహస్యమేనా?
— అధ్యాపకుడు, వరంగల్

జవాబు: మీరు చెప్పే చట్టం 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం. దాని 12వ సెక్షను ప్రకారం 30 ఏళ్లు దాటి, నేషనల్ ఆర్కైవ్స్‌కు బదిలీ అయిన, రహస్య వర్గీకరణ లేని రికార్డులను నిజమైన పరిశోధకులకు అందుబాటులో ఉంచవచ్చు. ఈ వాక్యంలో ప్రతి మాటకూ బరువుంది. "ఉంచవచ్చు" అన్నారు కానీ "ఉంచి తీరాలి" అనలేదు. బదిలీ కాని ఫైలు ఎంత పాతదైనా ఈ సెక్షను కిందికి రాదు. వర్గీకరణ ముద్ర ఉన్నదీ రాదు. పైగా ఈ చట్టం కేంద్ర ప్రభుత్వానికి, కేంద్రపాలిత ప్రాంతాలకు, కేంద్ర సంస్థలకు వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వాల రికార్డులు దాని పరిధిలో లేవు. మహారాష్ట్ర 2005లోనూ, కర్ణాటక 2010లోనూ సొంత చట్టాలు చేసుకున్నది అందుకే.

ఒక విషయంలో మాత్రం మన చట్టం పరిశోధకుడి పక్షాన ఉదారంగా ఉంది. 30 ఏళ్లను ఫైలు తెరిచిన సంవత్సరం నుంచి లెక్కించాలని అందులో వివరణ ఉంది. 1990లో మొదలై 1998 దాకా నడిచిన ఫైలుకు గడువు 2020లోనే తీరుతుంది. బ్రిటన్‌లో అదే ఫైలుకు చివరి కాగితం తేదీ నుంచి లెక్క కడతారు. ఈ వివరణను ఉదహరించి అడిగే పరిశోధకులు చాలా తక్కువ.

ముద్ర సంగతికి వస్తే, టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్, రెస్ట్రిక్టెడ్ అన్న నాలుగు మెట్లలో దేన్నీ శాశ్వతంగా ఉంచమని ఎవరూ చెప్పలేదు. 1997 నాటి నిబంధనల ప్రకారం ప్రతి శాఖ అండర్ సెక్రటరీ స్థాయికి తగ్గని అధికారిని నియమించి, వర్గీకృత రికార్డులను అయిదేళ్లకోసారి పరిశీలించి ముద్ర తగ్గించడమో తొలగించడమో చేయించాలి. చిక్కంతా ఆచరణలో ఉంది. పాత ముద్రను కొనసాగించిన అధికారిని ఎవరూ ప్రశ్నించరు, తొలగించిన అధికారి మాత్రం రేపు సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు. అందువల్ల ఫైలు అలాగే బీరువాలోకి తిరిగి వెళుతుంది. 1962 యుద్ధంపై 1963లో సమర్పించిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా విడుదల చేయలేదు. 2014లో పాత్రికేయుడు నెవిల్ మాక్స్‌వెల్ దానిలో కొంత భాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టిన తరవాత కూడా ముద్ర అలాగే ఉంది. లోకమంతా చదివిన కాగితం మీద రహస్య ముద్ర ఉండడం వల్ల ఎవరికి రక్షణో నాకు అర్థం కాదు. రక్షణ శాఖ 2021 జూన్‌లో ప్రకటించిన విధానంలో, రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బహిరంగపరచాలని చెప్పింది.

సుందర్‌లాల్ కమిటీది ఇదే దారి. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో హైదరాబాదు సంస్థానంలో పర్యటించి, పోలీసు చర్య సమయంలోనూ ఆ తరవాతా కనీసం 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా వేశారు. అప్పటి ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించలేదు. కొన్ని భాగాలు చరిత్రకారుల రచనల ద్వారా బయటపడ్డాయి. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో దాన్ని చూడవచ్చన్న సంగతి 2013లో విస్తృతంగా తెలిసింది. మతఘర్షణలు మళ్లీ రేగుతాయన్న భయం 1949లో అర్థం చేసుకోదగినదే. అదే కారణం 1979లోనూ 1999లోనూ నిలుస్తుందా అని ఎవరైనా కాగితం మీద ప్రశ్న వేసి, జవాబు రాసి, సంతకం పెట్టారా అన్నది అసలు విషయం. సమీక్షను గడువు ప్రకారం జరపడమంటే ఆ ప్రశ్నను మళ్లీ మళ్లీ వేయడమే. నేతాజీ ఫైళ్ల విషయంలో ప్రజల ఒత్తిడి వల్ల అది జరిగింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2015 సెప్టెంబరులో 64 ఫైళ్లను, కేంద్రం 2016 జనవరి 23న 100 ఫైళ్ల డిజిటల్ ప్రతులను విడుదల చేశాయి. అన్ని ఫైళ్లకూ అంతటి పేరున్న మనిషి దొరకడు కదా!

మీ చేతిలో మరో సాధనం ఉంది. సమాచార హక్కు చట్టం 8(3) సెక్షను ప్రకారం, దరఖాస్తు తేదీకి 20 ఏళ్ల ముందు జరిగిన సంఘటనకు సంబంధించిన సమాచారాన్ని మూడే మూడు మినహాయింపులతో ఇవ్వాలి. దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశీ సంబంధాలు ఒకటి, చట్టసభల హక్కులు రెండవది, మంత్రివర్గ పత్రాలు మూడవది. వ్యక్తిగత సమాచారం అన్న మినహాయింపు ఆ మూడింటిలో లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వ్యక్తిగత సమాచారపు మినహాయింపైన 8(1)(జె)ను కఠినం చేసిందని చెప్పి పాత ఫైళ్లను కూడా తిరస్కరిస్తే, 8(3)ను చూపించి మొదటి అప్పీలు వేయండి. సమాచార హక్కు చట్టం రాష్ట్ర శాఖలకూ వర్తిస్తుంది. ఇక 10వ సెక్షను ప్రకారం, ఫైలులో ఇవ్వకూడని భాగాన్ని విడదీసి మిగతాది ఇవ్వాలి. కనుక ఒక పేజీ కోసం మూడు వందల పేజీలు ఆపడానికి వీల్లేదు.

ప్రశ్న: మా తాతగారు 1930ల నుంచి 1970ల దాకా గుంటూరులో పేరున్న ప్లీడరు, స్వాతంత్ర్యోద్యమంలోనూ ఉన్నారు. ఆయన కేసు కట్టలు, డైరీలు, పెద్దవాళ్లు రాసిన ఉత్తరాలు మా దగ్గర ఉన్నాయి. ఒక విశ్వవిద్యాలయానికి ఇవ్వాలనుకుంటున్నాము. మా పిన్ని మాత్రం కొన్ని ఎవరూ చూడకూడదంటున్నారు. ఏం షరతు రాసుకోవాలి?
— పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ పిన్నిగారి అభ్యంతరాన్ని తోసిపుచ్చకండి. ఆమెను కూర్చోబెట్టి ఏ కాగితం, ఎందుకు, ఎప్పటిదాకా అని మూడు ప్రశ్నలు అడిగి రాసుకోండి. "డైరీలు వద్దు" అన్నది అప్పుడు సాధారణంగా "1952లో పొలం తగాదా వచ్చినప్పుడు మా పెద్దన్నయ్య గురించి రాసిన పేజీలు వద్దు" అన్నంత చిన్నదవుతుంది.

కేసు కట్టల విషయంలో మీ కుటుంబం సమ్మతించినా సరిపోదు. క్లయింటు తనతో చెప్పుకున్న మాటను అతని అనుమతి లేకుండా వకీలు బయటపెట్టకూడదని 1872 సాక్ష్య చట్టం 126వ సెక్షను చెప్పింది, ఆ బాధ్యత కేసు ముగిసిన తరవాత కూడా ఉంటుందని వివరణ ఇచ్చింది. 2023లో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ నియమం కొనసాగింది. కనుక కట్టను రెండుగా విడదీయాలి. కోర్టులో దాఖలైన ప్లెయింటు, జవాబు దావా, సాక్షుల వాఙ్మూలాలు, తీర్పు నకలు బహిరంగమైనవే. క్లయింటు రాసిన ఉత్తరం, మీ తాతగారు అతనితో మాట్లాడుతూ పెన్సిలుతో రాసుకున్న నోట్సు, రాజీ కోసం తయారుచేసుకున్న లెక్కలు మాత్రం వేరే కవరులోకి వెళ్లాలి. దత్తత, వారసత్వం, భరణం వ్యాజ్యాల్లో ఈ రెండో రకం కాగితాలే ఎక్కువ. గుంటూరు జిల్లాలో ఆ భూములు నేడు ఏ ధర పలుకుతున్నాయో మీకు తెలుసు. యాభై ఏళ్ల కిందటి నోట్సులో ఒక వాక్యం పట్టుకుని కొత్త వ్యాజ్యం వేసేవారూ ఉంటారు. స్వీకరించే విశ్వవిద్యాలయానికి ఈ సంగతి మీరే ముందుగా చెప్పండి. చెప్పకపోతే "వ్యక్తిగత పత్రాలు" అని ఒకే పేరు పెట్టి అన్నిటినీ షెల్ఫులో ఉంచే ప్రమాదం ఉంది.

ఉత్తరాల గురించి చాలామంది పొరబడేది ఇంకొకటుంది. మీ తాతగారికి వచ్చిన ఉత్తరం కాగితంగా మీది, అందులోని రాత మీద కాపీహక్కు రాసినవారిది, వారి తదనంతరం వారి వారసులది. మీరు కాగితాన్ని దానం చేయగలరు, ప్రచురణ హక్కును చేయలేరు. తాతగారు రాసి తన దగ్గర ఉంచుకున్న నకళ్ల మీద, డైరీల మీద మీ కుటుంబానికి హక్కు ఉంటుంది, దాన్ని సంస్థకు బదిలీ చేస్తారో లేదో ఒప్పందంలో స్పష్టంగా రాయండి. ప్రజలకు ప్రవేశమున్న గ్రంథాలయంలోని అముద్రిత రచనను, రచయిత మరణించి 60 ఏళ్లు దాటితే పరిశోధనకోసం, ప్రచురణకోసం కూడా నకలు తీసుకోవచ్చని కాపీరైట్ చట్టం 52వ సెక్షను అనుమతిస్తుంది.

ఇక షరతు. "కుటుంబ సభ్యుల అనుమతితో మాత్రమే చూడాలి" అన్న వాక్యం మన దగ్గర తరచుగా రాస్తారు, నేను చూసినవాటిలో ఇంతకన్నా చెడ్డ షరతు లేదు. ఇరవై ఏళ్ల తరవాత కుటుంబమంటే ఎవరు? హైదరాబాదులో ఉన్న మనుమడా, డాలస్‌లో ఉన్న మునిమనుమరాలా? ఒకరు సరేనని, మరొకరు కాదంటే సంస్థ ఏం చేయాలి? అనుమతి అడగదలచిన పరిశోధకుడు చిరునామా దొరక్క వెనక్కి పోతాడు. దానికి బదులు కవరు వారీగా తేదీ రాయండి. మౌలానా ఆజాద్ తన ఆత్మకథలో దాదాపు 30 పేజీలను వెంటనే ప్రచురించకుండా ఒక ప్రతిని కలకత్తాలోని నేషనల్ లైబ్రరీలో, మరొకదాన్ని ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో సీలు వేయించి, తన మరణానంతరం 30 ఏళ్లకు తెరవాలని ఏర్పాటు చేశారు. ఆయన 1958 ఫిబ్రవరిలో మరణించారు. గడువు తీరేవేళ వివాదం కోర్టుకెక్కినా, 1988లో సీలు విప్పి ఆ పేజీలను ప్రచురించారు. ఎన్ని పేజీలో, ఎక్కడున్నాయో, ఏ రోజున తెరవాలో అన్నీ స్పష్టంగా ఉండడం వల్ల అది సాధ్యమైంది.

మరొక జాగ్రత్త కూడా అవసరం. కాగితాలను దానంగా ఇస్తున్నారా, భద్రపరచడానికి మాత్రమే అప్పగిస్తున్నారా అన్నది తొలి వాక్యంలోనే తేలిపోవాలి. అది అస్పష్టంగా ఉంటే తరవాతి తరం పెట్టెలు తిరిగి ఇమ్మని అడుగుతుంది, అప్పటికే పుస్తకాల్లో ఉదహరించిన కాగితాలు ఎక్కడికో వెళ్లిపోతాయి.

ప్రశ్న: నేను ఎరుకల సమాజానికి చెందినవాణ్ణి. నేరస్థ తెగల చట్టం కింద నిఘాలో ఉంచడానికి పెట్టిన నివాసాల (సెటిల్‌మెంట్ల) మీద పరిశోధన చేస్తున్నాను. 1940ల నాటి నమోదు పుస్తకం అడిగితే పేర్లు బయటపెట్టనని హామీ పత్రం రాయమన్నారు. మా తాతల పేర్లు మాకే దాచడం ఏమి న్యాయం?
— పరిశోధకుడు, బాపట్ల జిల్లా

జవాబు: మీ కోపంలో న్యాయముంది, వాళ్ల జాగ్రత్తలో కూడా కొంత ఉంది. 1871 నాటి చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించిన తరవాత స్టూవర్టుపురం, కావలి, సిద్ధాపురం వంటి సెటిల్‌మెంట్లు వచ్చాయి. స్టూవర్టుపురాన్ని 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నిర్వహణలో పెట్టారు. చట్టాన్ని 1952లో రద్దు చేశారు. ఆ పుస్తకాల్లో మనిషి పేరు పక్కన వేలిముద్ర, హాజరు, "ప్రవర్తన" అన్న గడిలో ఒక అధికారి రాసిన మాట ఉంటాయి. ఏ నేరమూ చేయని మనిషిని పుట్టుకను బట్టి నేరస్థుడిగా నమోదు చేసిన పుస్తకం అది. 1945లో అయిదేళ్ల బిడ్డగా నమోదైన వ్యక్తి నేడు ఎనభై దాటి, అదే ఊళ్లో మనుమల మధ్య బతికి ఉండవచ్చు. పుట్టిన తేదీ నుంచి వందేళ్లు జీవితకాలంగా లెక్కించే ఆనవాయితీ చాలా ఆర్కైవ్స్‌లో ఉన్నది ఇందుకే. పుస్తకం పాతబడినా, స్టేషన్లలో ఆ ఊరి పేరు చెప్పగానే మొహం మారడం ఇంకా పాతబడలేదని మీకు నాకంటే బాగా తెలుసు.

అయినా వారసుడికీ బయటి పరిశోధకుడికీ ఒకే హామీ పత్రం ఇవ్వడం సమీక్ష లోపమే. మీ సొంత కుటుంబానికి సంబంధించిన పుటలను బంధుత్వం చూపించి షరతు లేకుండా చూడడానికి, నకలు తీసుకోవడానికి అనుమతి కోరండి. మిగతా కుటుంబాల పేర్లను సంకేతాక్షరాలతో ఉపయోగిస్తానని మాత్రం హామీ ఇవ్వండి. వారి తరఫున ఒప్పుకునే అధికారం మీకు లేదు, ఆర్కైవ్స్‌కూ లేదు. పేర్లు చెప్పాలా వద్దా అని ఆ కుటుంబాల పెద్దలను మీరే అడగగలరు, బయటివాళ్లకు ఆ సౌకర్యం లేదు. ఇంకొక మాట: కేటలాగులో ఆ పుస్తకం శీర్షికను "మంచిగా" మార్చమని అడగకండి. ప్రభుత్వం వాడిన పేరు కొటేషన్ గుర్తుల మధ్య అలాగే ఉండాలి, కింద వివరణ చేర్చమని అడగండి. శీర్షిక మారిస్తే తరవాతివారికి ఆ పుస్తకమే దొరకదు.

ప్రశ్న: రీడింగ్ రూమ్‌లో ఫోనుతో ఫోటోలు తీసుకోనిచ్చారు. వాటిని ఫేస్‌బుక్‌లో పెట్టవచ్చా?
— పాఠకుడు, హైదరాబాదు

జవాబు: అనుమతి ఫారంలో మీరు సంతకం పెట్టిన వాక్యాలను చదవండి, ఎక్కువ చోట్ల అది సొంత అధ్యయనానికే పరిమితం. చూడనిచ్చినంత మాత్రాన ప్రచురించనిచ్చినట్టు కాదు. మద్రాసు ఎగ్మూరు ఆర్కైవ్స్‌లోని ఒక కట్టలో ఉన్న పేరును వెతికి పట్టుకోవాలంటే మనిషి అక్కడికి వెళ్లాలి. అదే పేరు ఇంటర్నెట్‌లో ఉంటే పెళ్లి సంబంధం చూసేవాళ్లు కూడా క్షణంలో కనుక్కుంటారు. కొన్ని సంస్థలు రీడింగ్ రూమ్‌లో ఇచ్చే ఫైలును ఆన్‌లైన్‌లో పెట్టకపోవడానికి కారణం అదే. 2023 డేటా చట్టంలో పరిశోధనకు, ఆర్కైవింగ్‌కు మినహాయింపు ఉన్న మాట నిజమే. ఆ సమాచారంతో ఫలానా వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోకూడదని, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలని దానికి షరతులున్నాయి. సరదాగా పంచుకోవడాన్ని పరిశోధన అనలేము.

ప్రశ్న: మా ఊరి 1951 జనగణన కుటుంబ పత్రాలు ఎక్కడ చూడవచ్చు?
— పాఠకుడు, అనంతపురం

జవాబు: చూడలేరు. 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం, గణకుడు రాసుకున్న పుస్తకాలను, రిజిస్టర్లను తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు. అమెరికాలో 72 ఏళ్లకు, ఇంగ్లండులో 100 ఏళ్లకు తెరుస్తారు కానీ మన చట్టంలో అటువంటి గడువే లేదు. మీకు దొరికేవి ముద్రిత పట్టికలు, జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు. కుటుంబ వివరాలకు పాత ఓటర్ల జాబితాలు, రెవెన్యూ రికార్డులు, బడి అడ్మిషన్ రిజిస్టర్లు ప్రయత్నించండి.

ప్రశ్న: మాది వందేళ్లు దాటిన కాలేజీ. పాత ఆఫీసు రికార్డులన్నీ ఒక గదిలో ఉన్నాయి. పూర్వ విద్యార్థులు, చరిత్ర విభాగంవారు చూస్తామంటున్నారు. ఆర్కైవ్స్‌లో శిక్షణ పొందినవారు మా దగ్గర లేరు. సమీక్ష ఎలా మొదలుపెట్టాలి?
— గ్రంథపాలకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పేజీలు తిప్పడంతో మొదలుపెట్టకండి, జాబితాతో మొదలుపెట్టండి. గదిలోని రికార్డులను రకాలుగా విడదీసి, ఒక్కొక్క రకానికి తొలి సంవత్సరం, చివరి సంవత్సరం, సంపుటాల సంఖ్య రాసుకోండి. మేగజైన్లు, వార్షిక నివేదికలు, ముద్రిత ప్రాస్పెక్టస్‌లు, భవన నిర్మాణం ఫైళ్లు, పాలకవర్గం తీర్మానాల పుస్తకాల్లో పాతవి, ఇవన్నీ చదవకుండానే తెరిచి ఇవ్వదగినవి. గదిలో ఎక్కువ భాగం ఇవే ఉంటాయి.

తరవాత జాగ్రత్త పడవలసిన రకాలను గుర్తించండి. ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లు, కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు, క్రమశిక్షణ విచారణలు, మార్కుల పుస్తకాలు, ఫీజు రాయితీ దరఖాస్తులు ఇందులోకి వస్తాయి. ఫీజు రాయితీ దరఖాస్తు అమాయకంగా కనిపిస్తుంది కానీ, తండ్రి అప్పులు, తల్లి రోగం, ఇంట్లో ఎంతమంది తినాలి అన్నది కుర్రవాడు తన చేతిరాతతో రాసిన కాగితం అది. ఆ కుర్రవాడు తరవాత జిల్లా కలెక్టరు అయి ఉంటే పరిశోధకుడు ముందుగా అడిగేది దాన్నే. మైనరు పిల్లల మీద జరిగిన నేరాల కాగితాలు, లైంగిక వేధింపుల ఫిర్యాదులు కనిపిస్తే వాటిని మీ విచక్షణకు వదిలిన విషయంగా చూడకండి. బాధితుల గుర్తింపును బయటపెట్టడాన్ని చట్టం నేరంగా పరిగణిస్తుంది. ఆ కవర్లను వేరుచేసి, ప్రిన్సిపాలు ద్వారా న్యాయసలహా తీసుకోండి.

మధ్యలో మిగిలిన ఉత్తరప్రత్యుత్తరాల ఫైళ్లను మాత్రం ఎవరైనా అడిగినప్పుడు, అడిగిన ఫైలునే, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. వెనుక పేజీలను కూడా తిప్పి చూడాలి, గుమాస్తాలు అసలు సంగతి వెనకే రాస్తారు. ఒక కాగితాన్ని ఆపాలనిపిస్తే, దీనివల్ల ఇబ్బంది ఎవరికి అన్నది ఒక వాక్యంలో రాయండి. రాయడానికి మనిషి దొరక్క "కాలేజీ పరువు" అన్న మాట ఒక్కటే కలం చివరికి వస్తే, ఆ కాగితాన్ని తిరిగి ఫైలులో పెట్టేయండి. యాజమాన్యం తప్పులు, ఎన్నికల గొడవలు, విరాళాల లెక్కల్లో తేడాలు పరిశోధకుడు చూడవలసినవే.

సమీక్షకు పదిహేను రోజులు పడుతుందని నోటీసు బోర్డు మీద ముందే పెడితే ఊరి నుంచి బస్సెక్కి వచ్చినవారు ఉత్త చేతులతో వెళ్లే అవసరం ఉండదు. తీసిన కాగితాల కవర్లు బీరువాలో, వాటి వివరాల రిజిస్టరు మాత్రం రీడింగ్ టేబుల్ మీద అందరికీ కనిపించేటట్టు ఉంచండి. ప్రతి జనవరిలో ఆ రిజిస్టరు తీసి, గడువు తీరిన కాగితాలను ఫైళ్లలోకి తిరిగి చేర్చే బాధ్యతను ఉద్యోగి పేరు మీద కాకుండా గ్రంథపాలకుడి పదవి మీద తీర్మానం చేయించండి. మీరు రిటైరైన తరవాత వచ్చేవారికి చార్జి లిస్టులో బీరువా తాళంతో పాటు ఆ రిజిస్టరును కూడా రాసి అప్పగించాలి.